నల్లగా తెరుచుకునే బొమ్మలో మన చేను – పోడు పట్టా పనిలో ఉన్నవాళ్ళ కోసం

పోస్టు పెద్దదే. ఇంట్లో పోడు పట్టా పని నడుస్తున్నవాళ్ళు, కాలేజీలో కొంచెమైనా పైథాన్ చదివినవాళ్ళు తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. ఆ రెండూ ఒకే ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

ఇది శాటిలైట్ బొమ్మలు వచ్చే ఫైళ్ళ గురించి. జేపెగ్, పీఎన్‌జీ మనం రోజూ చూసేవి. శాటిలైట్ బొమ్మలు ఎక్కువగా టిఫ్, జేపీ2, ఐఎమ్‌జీ, ఎస్‌ఐడీ లాంటి పేర్లతో వస్తాయి. ఫోన్లో నొక్కితే సగం తెరుచుకోవు. తెరుచుకున్నవి నల్లగా ఉంటాయి. "ఇందులో ఏటీ లేదు" అని మూసేస్తాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. బొమ్మ తెరుచుకోవడం వేరు, దాన్ని చదవడం వేరు. మన విషయంలో ఆ తేడా మీద ఎకరాలు ఆధారపడి ఉన్నాయి.

ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో. అటవీ హక్కుల చట్టం 2006ది, 2007 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది. 2005 డిసెంబర్ 13 నాటికి భూమి మన సాగులో ఉండాలి. పట్టా ఎక్కువలో ఎక్కువ 4 హెక్టార్లకి, అంటే దగ్గర దగ్గర 10 ఎకరాలకి. ఏవి రుజువులుగా పనికొస్తాయో 13వ నిబంధనలో ఉంది. రేషను కార్డు, ఓటరు కార్డు, చేలో కట్టిన గట్టు, పాక, పాత బావి, శ్మశానం, వంశవృక్షం, ఊరి పెద్దల మాట రాసిన కాగితం, వీటన్నిటితోపాటు శాటిలైట్ బొమ్మ కూడా ఆ జాబితాలో ఉంది.

మా మావకి కొండవార రెండెకరాల జీడితోట. ఒకప్పుడది పోడే. సామలు, ఊడలు, కందులు ఏసీవోడు. తర్వాత జీడి మొక్కలు పెట్టాడు. హక్కు కోసం దరఖాస్తు పెడితే, ఒక ఆఫీసులో ఏ4 కాగితం మీద రంగుల ప్రింటు చూపించి, పెన్నుతో సున్నా చుట్టి, "ఇదిగో, అప్పటికి ఇదంతా అడివే" అన్నారు. మావ ఆ కాగితం కాపీ నాకు తెచ్చి చూపించాడు.

"అల్లుడా, నాను ఏసిన మొక్కలే నా మీద సాచ్చికం సెప్తన్నాయేటి?" అన్నాడు.

ఆ కాగితం మీద తేదీ లేదు. ఏ శాటిలైటో లేదు. స్కేలు లేదు, అక్షాంశం రేఖాంశం లేవు. ఒక లెక్క చూడండి. మండలాన్ని ఏ4 మీదకి తెస్తే సుమారు సెంటీమీటరుకి ఒక కిలోమీటరు పడుతుందనుకుందాం. రెండెకరాల చేను పక్క దాదాపు 90 మీటర్లు. కాగితం మీద అది ఒక మిల్లీమీటరు కూడా రాదు. బాల్‌పెన్ను గీత మందమే అందులో సగం మింగేస్తుంది. ఆ సున్నాలో మావ తోట ఎక్కడుందో గీసినవాళ్ళకే తెలియదు.

అందుకని అసలు ఫైలు కావాలని అడిగించాం. కొన్నాళ్ళకి పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు ఇచ్చారు. పేరు చివర టిఫ్ అని ఉంది. ఇక్కణ్ణుంచి పైథాన్ పని మొదలవుతుంది.

మొదటి సంగతి. ఫైలు పేరు చివరున్న అక్షరాలు ఎవరో అంటించిన చీటీ లాంటివి. లోపలేముందో ఫైలు మొదటి బైట్లు చెబుతాయి. టిఫ్ అయితే మొదట ఇంగ్లీషు ఐ అక్షరం రెండుసార్లు గానీ, ఎమ్ అక్షరం రెండుసార్లు గానీ ఉంటుంది, ఆ వెంటనే 42 అనే అంకె. 4 జీబీ దాటే పెద్ద ఫైళ్ళ కోసం చేసిన టిఫ్‌లో 42 బదులు 43. జేపెగ్ అయితే మొదటి రెండు బైట్లు 255, 216. పైథాన్‌లో మామూలు ఓపెన్ ఫంక్షన్‌కే ఆర్‌బీ అనే మోడ్ ఇచ్చి నాలుగు బైట్లు చదివి ప్రింట్ చేస్తే చాలు, ఏ లైబ్రరీ అక్కర్లేదు. మాకిచ్చిన ఫైల్లో కనబడ్డవి 255, 216. అంటే అది జేపెగ్. ఎవరో కంప్యూటర్ తెరని ఫొటోలా దించుకుని, పేరు మార్చి ఇచ్చారు. పిల్లో లైబ్రరీ అలాంటి ఫైలుని గొడవ లేకుండా తెరుస్తుంది, ఎందుకంటే అది కూడా పేరు నమ్మదు, లోపలి బైట్లే చూస్తుంది. తెరుచుకుంది కదాని మనం ఒరిజినల్ అనుకుంటాం. అందుకే ఎవరు ఏ ఫైలిచ్చినా ముందు ఈ నాలుగు బైట్లు చూడండి.

తెరని దించిన జేపెగ్‌లో ఏం పోయింది? రంగులు ఉన్నాయి, కొండ ఉంది, గెడ్డ ఉంది. చోటు పోయింది. ఏ చుక్క భూమ్మీద ఎక్కడుందో చెప్పే సమాచారం అందులో లేదు. శాటిలైట్ టిఫ్‌ని జియోటిఫ్ అంటారు. మామూలు టిఫ్‌కి కొన్ని ట్యాగులు అదనంగా ఉంటాయి. 33550వ ట్యాగులో ఒక్కో చుక్క ఎన్ని మీటర్లో ఉంటుంది. 33922లో బొమ్మలోని ఒక మూల భూమ్మీద ఏ బిందువో ఉంటుంది. 34735లో ఏ కొలత పద్ధతి వాడారో ఉంటుంది. ఈ మూడూ ఉంటే చేలో నిలబడి ఫోన్లో తీసుకున్న జీపీఎస్ అంకెని తెచ్చి, ఇది బొమ్మలో ఫలానా వరస, ఫలానా నిలువు అని చెప్పొచ్చు. జేపెగ్‌గా మారిస్తే మామూలుగా ఇవన్నీ రాలిపోతాయి. కొన్ని పాత ఫైళ్ళకి చోటు సమాచారం పక్కనే టీఎఫ్‌డబ్ల్యూ అనే చిన్న ఫైల్లో ఆరు వరసల్లో ఉంటుంది. టిఫ్ ఒక్కటే తెచ్చుకుని దాన్ని వదిలేస్తే చోటు అక్కడే ఉండిపోయినట్టు.

ఇక అసలు ఫైలు మనమే తెచ్చుకోవాలి. అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్ బొమ్మలు 2008 నుంచి అందరికీ ఉచితం. ల్యాండ్‌శాట్ 5 అనే శాటిలైట్‌ని 1984లో పంపారు, 2011 దాకా ఫొటోలు తీసింది. మనకి కావలసిన 2005 అందులో పడుతుంది. మన దేశం సంగతికొస్తే రిసోర్స్‌శాట్ 1ని 2003లో పంపారు. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్‌లో దాని బొమ్మలు చూడొచ్చు. యూరప్ వాళ్ళ సెంటినెల్ 2 బొమ్మలు 10 మీటర్ల దాకా స్పష్టంగా ఉంటాయి గాని, అది 2015లో పైకెళ్ళింది, 2005 నాటి సాగుకి అది సాక్ష్యం కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, కొత్త బొమ్మ చూపించి పాత సంగతి తేల్చేస్తారు. సెంటినెల్ ఫైళ్ళు జేపీ2లో వస్తాయి, ఓపెన్‌జెపెగ్ ఉంటే తెరుచుకుంటాయి. ఎస్‌ఐడీ ఫైళ్ళకి మాత్రం కంపెనీ లైసెన్సున్న సాఫ్ట్‌వేర్ ముక్క కావాలి, పిప్‌తో రాదు. ఎవరైనా ఎస్‌ఐడీలో ఇస్తామంటే జియోటిఫ్‌గా మార్చి ఇమ్మని రాసి అడగండి.

ల్యాండ్‌శాట్ దించుకున్నాక మీకు ఎదురయ్యేది ఆ నలుపే. ఎందుకు నలుపో చెబుతాను. మామూలు ఫొటోలో ఒక్కో చుక్కకి 0 నుంచి 255 దాకా అంకె. ల్యాండ్‌శాట్ లెవెల్ 2 ఫైల్లో 16 బిట్లు, 0 నుంచి 65535 దాకా. అందులో అంకెని 0.0000275తో గుణించి 0.2 తీసేస్తే, ఆ నేల ఎంత వెలుగుని వెనక్కి పంపిందో వస్తుంది. ఉదాహరణకి ఎర్ర వెలుగులో 4 శాతం వెనక్కి పంపే పచ్చటి అడివి చుక్క 8727 అవుతుంది. 15 శాతం పంపే దున్నిన నేల 12727 అవుతుంది. మధ్యలో 4000 తేడా ఉంది. మామూలు వ్యూయర్ 65535ని 255కి కుదించి చూపిస్తే అవి 34, 49 అవుతాయి. అమావాస్య రాత్రి కొండ చూసినట్టుంటుంది. చేనూ అడివీ రెండూ చీకటే. ఫైలు పాడవలేదు, చూపించే పద్ధతి సరిపోలేదు.

ఓపెన్‌సీవీ వాడేవాళ్ళకి రెండు మాటలు. దాని ఇమ్‌రీడ్ ఫంక్షన్ ఏమీ చెప్పకపోతే బొమ్మని 8 బిట్లకి కుదించేస్తుంది. ఉన్నదున్నట్టు చదవమని అన్‌చేంజ్డ్ అనే జెండా ఇవ్వాలి. తెరవలేని ఫైలైతే ప్రోగ్రాం ఆగిపోదు, నన్ అనే ఖాళీ విలువ చేతికిచ్చి ఊరుకుంటుంది. ఆ తర్వాత పది వరసల కింద ఎక్కడో ఎర్రర్ వస్తుంది, మనం అక్కడ వెతుకుతూ కూర్చుంటాం.

మన పనికి సరైనది రాస్టరియో అనే లైబ్రరీ. జీడాల్ అనే పాత గట్టి లైబ్రరీ మీద కట్టింది. దానితో ఫైలు తెరిచి ముందు బొమ్మ చూడకండి. సీఆర్‌ఎస్, ట్రాన్స్‌ఫార్మ్, బౌండ్స్, నోడేటా, డీటైప్స్ అనే ఐదు విలువలు ప్రింట్ చెయ్యండి. సీఆర్‌ఎస్ దగ్గర నన్ అని వస్తే చోటు లేని ఫైలు, పక్కన పెట్టెయ్యండి. అన్నీ ఉంటే రీడ్ ఫంక్షన్‌తో ఒకటో బ్యాండ్ చదవండి, నమ్‌పై వరసలుగా అంకెలు వస్తాయి. కళ్ళతో చూడాలంటే పర్సంటైల్ ఫంక్షన్‌తో 2వ శాతం, 98వ శాతం దగ్గరున్న విలువలు తీసుకుని ఆ మధ్యభాగాన్నే తెరంతా పరవండి. కొండ, గెడ్డ, చెరువు ఒక్కసారిగా బయటపడతాయి. పరిచిన బొమ్మని చూడ్డానికే వాడండి, అసలు ఫైలు మీద సేవ్ చెయ్యొద్దు. సీన్ ఒకటి 185 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. మన లాప్‌టాప్‌లు అంత మొయ్యలేవు. విండో ఇచ్చి మన ఊరి చుట్టూ 300 చుక్కల మేర మాత్రమే చదివించండి.

ఇప్పుడు మన జిల్లాలకే ఉన్న ఒక చిక్కు. ఈ ఫైళ్ళలో చోటు డిగ్రీల్లో ఉండదు, యూటీఎమ్ అనే పద్ధతిలో మీటర్లలో ఉంటుంది. భూమిని 6 డిగ్రీల చొప్పున నిలువు పట్టీలుగా కోశారు. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం 44వ పట్టీకీ 45వ పట్టీకీ హద్దు. ఆ గీత సరిగ్గా మన మధ్య నుంచి పోతుంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం గీతకి పడమట, టెక్కలి, మందస తూర్పున. ఒక సీన్ 44లో వస్తే పక్క సీన్ 45లో రావొచ్చు. రెండిట్లో అంకెలు కలవవు. సీఆర్‌ఎస్ దగ్గర 32644 అని ఉందో 32645 అని ఉందో చూసి, జీపీఎస్ డిగ్రీలని రాస్టరియో వార్ప్‌లోని ట్రాన్స్‌ఫార్మ్ ఫంక్షన్‌తో ఆ పట్టీలోకి మార్చాలి. ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం ఇవ్వాలి. తిరగేస్తే మన చేను కాక ఇంకెక్కడిదో అంకె వస్తుంది, లేదా బొమ్మ బయటికే పోతాం.

ఇంకో రెండు గుంటలు ఉన్నాయి, చూసి నడవండి. ఒకటి, ల్యాండ్‌శాట్ 7 శాటిలైట్‌లో 2003 మే 31న ఒక భాగం చెడిపోయింది. అప్పట్నుంచి దాని బొమ్మల్లో వాలుగా ఖాళీ చారలు పడ్డాయి, ఒక్కో సీన్‌లో సుమారు 22 శాతం లేదు. మనకి కావలసిన 2005లో ఇదే పరిస్థితి. ఆ చారలో పడ్డ చేనుకి విలువ 0 అని ఉంటుంది. అది నోడేటా, అంటే అక్కడ సమాచారం లేదని. సాగు లేదని కాదు, అడివి ఉందనీ కాదు. రీడ్ ఫంక్షన్‌కి మాస్క్డ్ అనేది ట్రూ అని ఇస్తే ఆ చుక్కలు లెక్కలోంచి తప్పుకుంటాయి.

రెండోది, పచ్చదనం లెక్క. కంటికి కనపడని పరారుణ వెలుగు నాలుగో బ్యాండ్, ఎర్ర వెలుగు మూడో బ్యాండ్. నాలుగులోంచి మూడు తీసి, రెండిటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ వస్తుంది. ఆకు ఎంత ఉంటే అంత ఎక్కువ. కానీ ఫైల్లో అంకెలు మైనస్ గుర్తు లేని 16 బిట్లవి. 9000లోంచి 10000 తీస్తే మైనస్ 1000 రాదు, 64536 వస్తుంది. బోడి నేల దట్టమైన అడివిగా కనబడుతుంది. ముందు ఫ్లోట్‌గా మార్చి, 0.0000275, 0.2 లెక్క చేసి, ఆ తర్వాతే తీసివేత.

ఇంత చేసినా అసలు చిక్కు మిగిలే ఉంది. జీడితోట పచ్చగానే ఉంటుంది కదా, అడివికీ దానికీ తేడా ఎలా? పోడు చేను సంగతీ అంతే. రెండు మూడేళ్ళు పండించి వదిలేస్తాం, తుప్పలు లేస్తాయి, మళ్ళీ కొన్నాళ్ళకి అక్కడికే వస్తాం. బొమ్మ ఒక్క రోజుది, మన సాగు ఏళ్ళ తరబడి తిరిగేది. వదిలేసిన ఏడాది బొమ్మ చూపిస్తే ఎవరికైనా తుప్పలే కనబడతాయి. దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు, మావ దగ్గర దొరికింది. లాప్‌టాప్‌లో డిసెంబర్ బొమ్మ చూపిస్తే ఆయన తలడ్డంగా ఊపాడు.

"అప్పుడన్నీ పచ్చగే ఉంటాయి రా. మాఘం పోయాక సూడు. అడివంతా ఆకు రాల్చీసి బోడయిపోద్ది. జీడి రాల్చదు. నా తోటొక్కటే పచ్చగ కనిపిస్తాది."

రెండెకరాలంటే ల్యాండ్‌శాట్ 30 మీటర్ల చుక్కల్లో తొమ్మిది. 2005 డిసెంబర్ కంటే ముందటి మార్చి నెల బొమ్మలు దించి ఆ తొమ్మిది చుక్కలూ చూశాం. చుట్టూ కొండ ఎండి ఎన్‌డీవీఐ పడిపోయి ఉంటే, మధ్యలో ఆ చుక్కలు మాత్రం ఎత్తుగా ఉన్నాయి. 1990ల మొదట్లోని మార్చి బొమ్మల్లో అవే చుక్కలు చుట్టుపక్కల కంటే తక్కువ. అంటే అప్పుడు కొట్టి కాల్చిన పోడు, తర్వాత పెరిగిన తోట. అంచునున్న చుక్కల్లో సగం తోట, సగం అడివి కలిసి ఉంటాయి కాబట్టి మధ్య చుక్కలనే లెక్కలోకి తీసుకున్నాం. అంకెలన్నీ ఒక పట్టికగా రాసి, ప్రతి బొమ్మకీ ఫైలు పూర్తి పేరు ఇచ్చాం. ల్యాండ్‌శాట్ ఫైలు పేరులోనే ఏ శాటిలైటో, ఏ సీనో, ఏ తేదీనో ఉంటాయి. ఎవరైనా అదే ఫైలు దించి మా లెక్క సరిచూసుకోవచ్చు. ఆ ఏ4 కాగితానికి లేనిది అదే.

అయితే ఒక హెచ్చరిక. లెక్క బాగా వచ్చిందని బొమ్మనే నెత్తిన పెట్టుకోవద్దు. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం శాటిలైట్ బొమ్మ మిగతా రుజువులకి తోడుగా ఉండొచ్చు, వాటి స్థానంలోకి రాకూడదు. అది మనకి రక్షణ. చార పడిన చోటో, మబ్బు కమ్మిన చోటో ఉన్నవాళ్ళకి బొమ్మలో ఏమీ దొరకదు. వాళ్ళ హక్కు అందువల్ల పోదు. బొమ్మలో కనబడలేదు కాబట్టి లేదు అని ఎవరైనా అంటే ఈ నిబంధన చూపించండి. ఒకటి కంటే ఎక్కువ రుజువులు చూడాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మేం బొమ్మల పట్టికతోపాటు ఇద్దరు ముసలోళ్ళ మాటలు రాయించి, రాతిగట్ల ఫొటోలు పెట్టి, 60 రోజుల గడువులోపల పై కమిటీకి అర్జీ ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఆ కట్టలో ఉన్న ప్రతి కాగితాన్నీ ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఇక మీరు చెయ్యగలిగినవి. గట్ల ఫొటోలు, తోట ఫొటోలు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపలున్న జీపీఎస్ అంకె రాలిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. దించిన టిఫ్ ఫైళ్ళని పేరు మార్చకుండా ఒక చోట దాచండి, పని కాపీ మీద చెయ్యండి. లాప్‌టాప్ లేకపోతే గూగుల్ కోలాబ్ ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, రాస్టరియో అందులో వేసుకోవచ్చు. మూడో బ్యాండ్, నాలుగో బ్యాండ్ ఫైళ్ళు రెండూ చాలు, సీన్ మొత్తం దించక్కర్లేదు. అన్నిటికంటే ముందు చేను ఉన్నవాళ్ళ దగ్గర కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి: ఎప్పుడు కొట్టారు, ఎన్నేళ్ళు పండించి వదిలారు, ఏ నెలలో మీ చేను చుట్టూ ఉన్న అడివి కంటే వేరుగా కనిపిస్తుంది? ఆ జవాబులు రాసుకున్నాకే ఏ తేదీ బొమ్మ దించాలో తెలుస్తుంది.

మండలం పేరు, చేను జీపీఎస్, ఈ మూడు జవాబులు పెట్టుకుని నాకు మెసేజ్ చెయ్యండి. చేను జీపీఎస్ అందరికీ కనపడేలా కింద రాయొద్దు. గీతకి తూర్పున మందస, మెళియాపుట్టి వైపు బొమ్మలు ఇప్పటికే చూసినవాళ్ళుంటే చెప్పండి, మేం చూసినవన్నీ పడమటివే. సెలవులకి ఇంటికెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పండక్కి రెండు రోజులు ముందే వెళ్ళి గట్లు తిరిగి రండి.

జై ఆదివాసీ.